ఫిలాసఫీ ఆఫ్ సైన్స్‌లో ప్రైజ్‌కి పేపర్ పంపాలంటే: మొదటి ఆలోచన నుంచి సబ్మిట్ నొక్కేదాకా

"లకటోష్ అవార్డుకి ఎలా అప్లై చేయాలి సార్?" అని ఒక ఎంఏ విద్యార్థి అడిగాడు. అప్లై చేయడానికి లేదు. అది అచ్చైన పుస్తకానికి ఇచ్చే అవార్డు. ఈ రంగంలో పేరున్న వాళ్లెవరైనా ఆ పుస్తకాన్ని నామినేట్ చేయాలి. ఆ మాట చెప్పగానే అబ్బాయి ముఖం వాడిపోయింది, నాకూ బాధేసింది. ఎందుకంటే అతను పంపగలిగిన ప్రైజులు నిజంగానే ఉన్నాయి, వాటి పేర్లు అతనికి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర ఫిలాసఫీ చదివేవాళ్లే తక్కువ, అందులో ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ వైపు, అంటే సైన్స్ ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎందుకు నమ్మాలి అని అడిగే వైపు, వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ, కాబట్టి సీనియర్లని అడిగి తెలుసుకునే వీలు కూడా చాలామందికి ఉండదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఫిజిక్స్, బయాలజీ, మెడిసిన్ చదువుతూ ఈ ప్రశ్నల మీద మనసు పడ్డవాళ్లకు కూడా పనికొస్తుంది.

మొదటి అడుగు: ఏ ప్రైజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి

ఈ రంగంలో ప్రైజులు ఉజ్జాయింపుగా మూడు రకాలు. ఒకటి పుస్తకాలకి, జీవితకాల కృషికి ఇచ్చేవి. రెండోది ఒక జర్నల్‌లో ఆ ఏడాది అచ్చైన పేపర్లలో మంచిదానికి ఇచ్చేవి. మూడోది వ్యాసం రాసి పంపమని పిలిచేవి. మొదటి రకానికి మీరు చేయగలిగేది ఏమీ లేదు, రెండోదానికి పేపర్ అచ్చేయించుకోవడమే దరఖాస్తు, మూడోదానికే నేరుగా పంపగలరు. ఈ తేడా తెలియక చాలామంది నెలల తరబడి తప్పు తలుపు దగ్గర నిలబడుతున్నారు.

లకటోష్ అవార్డు మొదటి రకం. ఇమ్రె లకటోష్ అనే తత్వవేత్త హంగరీలో పుట్టి, 1956 తర్వాత ఇంగ్లండ్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పి, 1974లో చనిపోయాడు. ఆయన పేరు మీద ఆ సంస్థే ఈ అవార్డు నడుపుతుంది, డబ్బు లాత్సిస్ ఫౌండేషన్ ఇచ్చింది. గెలిచిన వాళ్లకు 10,000 పౌండ్లు. అవార్డు అందుకోవాలంటే అక్కడికి వెళ్లి అందరి ముందు ఉపన్యాసం ఇవ్వాలి. 1986లో మొదటిసారి బాస్ వాన్ ఫ్రాసెన్, హార్ట్రీ ఫీల్డ్ ఇద్దరికీ వచ్చింది. మీరు పంపలేకపోయినా ఈ జాబితా మీకు కావాలి, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రెండో రకానికి మంచి ఉదాహరణ పాపర్ ప్రైజ్. బ్రిటిష్ జర్నల్ ఫర్ ద ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ 1950 నుంచి వస్తోంది, అందులో ఆ ఏడాది వచ్చిన వాటిలో ఎడిటర్లకు అన్నిటికన్నా మంచిది అనిపించిన పేపర్‌కి, సైన్స్‌కీ సైన్స్ కానిదానికీ తేడా ఏమిటని అడిగిన తత్వవేత్త కార్ల్ పాపర్ పేరుతో ఇస్తారు. డబ్బు 500 పౌండ్లే, కానీ ఆ ఒక్క లైను సీవీలో ఉంటే ఉద్యోగం ఇచ్చే కమిటీ ఆగి చదువుతుంది.

మూడో రకంలోనే మనకి పని ఉంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ నడిపే డ్యు షాత్లే ప్రైజ్ ఫిలాసఫీ ఆఫ్ ఫిజిక్స్‌కి సంబంధించింది, రీసెర్చ్ విద్యార్థులకీ, పీహెచ్‌డీ అయ్యి ఎక్కువ కాలం కానివాళ్లకీ. న్యూటన్ ప్రిన్సిపియాని ఫ్రెంచ్‌లోకి తెచ్చిన ఎమిలీ డ్యు షాత్లే పేరు పెట్టారు. అమెరికాలోని ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ అసోసియేషన్ రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో, పెద్ద సమావేశం పెడుతుంది. 2022లో పిట్స్‌బర్గ్‌లో, 2024లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది. విద్యార్థుల వ్యాసానికి మేరీ హెస్సె పేరుతో, పీహెచ్‌డీ కొత్తగా అయినవాళ్ల వ్యాసానికి ఎర్నెస్ట్ నేగెల్ పేరుతో ఈ సంస్థ అవార్డులిస్తుంది. చరిత్ర, తత్వశాస్త్రం కలిపి రాసేవాళ్లకు ఇంటర్నేషనల్ యూనియన్ ఆఫ్ హిస్టరీ అండ్ ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వ్యాస బహుమతి ఉంది. 2017లో మొదలైనప్పుడు వాళ్లు ఇచ్చిన ప్రశ్న: సైన్స్ చరిత్ర వల్ల ఫిలాసఫీ ఆఫ్ సైన్స్‌కి ఉపయోగం ఏమిటి? మన దేశంలో వాటి సంగతి అడిగితే, ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ ఫిలసాఫికల్ రీసెర్చ్ యువ పరిశోధకుల కోసం వ్యాసరచన పోటీ, దానితో పాటు సెమినార్ పెడుతూ వచ్చింది. అది ఫిలాసఫీ మొత్తానికి సంబంధించింది, సైన్స్ ఒక్కదానికే కాదు, అయినా మొదటిసారి రాసేవాళ్లకు అదే మంచి చోటు అని నా నమ్మకం.

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: ప్రైజ్ పేరు, ఎవరు పంపొచ్చు, ఎన్ని పదాలు, ఆఖరి తేదీ. రూల్స్ ఏటా మారతాయి కాబట్టి పోయినేటి ప్రకటన చూసి నింపకండి, ఈ ఏడాది ప్రకటన వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే చదవండి. అర్హతలో "పీహెచ్‌డీ వచ్చి ఇన్నేళ్లలోపు" అని ఉంటే అది వైవా రోజు నుంచి లెక్కా, పట్టా తేదీ నుంచి లెక్కా అని మెయిల్ రాసి అడిగేయండి. మన యూనివర్సిటీల్లో ఈ రెండిటికీ మధ్య ఒక్కోసారి ఏడాది తేడా ఉంటుంది, ఆ ఏడాది మీకు కలిసి రావచ్చు.

రెండో అడుగు: గెలిచినవాటిని చదవండి, కానీ వేరే కంటితో

లకటోష్ జాబితా కావాలన్నది ఇందుకే. అందులో ఏవి మెచ్చుకున్నారో చూస్తే ఈ రంగం దేన్ని మంచి పని అనుకుంటుందో అర్థమవుతుంది. 2006లో ఇద్దరు పంచుకున్నారు, అందులో హసోక్ చాంగ్ పుస్తకం మొత్తం థర్మామీటర్ గురించే. నీళ్లు ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మరుగుతాయని ఏ థర్మామీటరూ లేనప్పుడు ఎలా తెలిసింది? సరైన థర్మామీటర్ ఏదో తేల్చడానికి ముందే ఒక సరైన థర్మామీటర్ కావాలి కదా! ఇంత మామూలు ప్రశ్నని పట్టుకుని ఆయన కొలత అంటే ఏమిటి, జ్ఞానం ఎలా తనను తాను సరిదిద్దుకుంటూ పెరుగుతుంది అనేదాకా వెళ్లాడు. 2001లో గెలిచిన జుడియా పెర్ల్ కంప్యూటర్ సైన్స్ మనిషి, కార్యకారణ సంబంధాల మీద రాశాడు. 2009లో సమీర్ ఒకాషా, 2010లో పీటర్ గాడ్‌ఫ్రీ స్మిత్ గెలిచింది జీవపరిణామం మీద. అంటే పాపర్ పేరో, సైన్స్‌లో విప్లవాల మీద పుస్తకం రాసిన థామస్ కూన్ పేరో చెప్పి సైన్స్ అంటే ఏమిటని మొత్తంగా మాట్లాడే కాలం పోయింది. ఒక సైన్స్ లోపలికి దిగి అక్కడి నిజమైన చిక్కుని పట్టుకోవాలి.

చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. విషయం ఏం చెప్పారో రాసుకోవద్దు, ఎలా చెప్పారో రాసుకోండి. మొదటి పేరాలోనే ప్రశ్న ఉందా? ఎదుటివాళ్ల వాదనని ఎంత మర్యాదగా, ఎంత బలంగా చెప్పి ఆ తర్వాత కాదన్నారు? ఉదాహరణ ఎన్నో పేజీలో వచ్చింది? పది పేపర్లు ఇలా చదివితే మీ చేతికి ఒక నడక అలవాటవుతుంది. వీటికి డబ్బు పెట్టనక్కర్లేదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ నడిపే ఫిల్‌సై ఆర్కైవ్‌లో వేల పేపర్లు ఉచితం, స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ కూడా ఉచితమే. ఏ అంశం మీదైనా ముందు అందులోని వ్యాసం చదివి తర్వాతే మిగతావాటికి వెళ్లండి.

మూడో అడుగు: ప్రశ్నని చిన్నది చేయండి, ఇంకా చిన్నది చేయండి

అసలు పని ఇదే, ఎక్కువమంది ఓడిపోయేదీ ఇక్కడే. "విజ్ఞానశాస్త్రంలో సత్యం", "సైన్సూ సమాజమూ", "భారతీయ తత్వశాస్త్రంలో విజ్ఞాన దృక్పథం" ఇలాంటి శీర్షికలతో వచ్చే వ్యాసాలు చాలా చదివాను, అందులో కష్టపడి రాసినవి కూడా ఉన్నాయి, కానీ ఎనిమిది వేల పదాల్లో అంత పెద్ద విషయం ఎవరికీ పట్టదు. నేను విద్యార్థులతో చేయించే కసరత్తు ఒకటి ఇక్కడ పూర్తిగా చూపిస్తాను, మన మనిషి కథతోనే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో, ద్రవంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి ప్రకటించాడు. అప్పటికి కండరం ఎలా ముడుచుకుంటుందనే దానికి లాక్టిక్ ఆసిడ్ పుట్టడం వల్లే అనే సిద్ధాంతం రాజ్యమేలుతోంది, దానికి సంబంధించిన పనికే ఎ.వి. హిల్‌కి, ఒట్టో మయర్‌హాఫ్‌కి 1922 నోబెల్ వచ్చింది. ఫిస్క్, సుబ్బారావు తమ పద్ధతిని కండరం మీద వాడితే రంగు రావాల్సినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా నెమ్మదిగా వచ్చింది. వాళ్లు దాన్ని పద్ధతిలో పొరపాటని తోసేయలేదు. తవ్వితే తేలింది: కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉంది, అది ఆసిడ్‌లో ఇట్టే విరిగిపోతుంది, అందుకే అంతకుముందు వాళ్లందరూ దాన్ని మామూలు ఫాస్ఫేట్ కింద లెక్కేసుకున్నారు. ఇది 1927. అదే ఏడాది లండన్‌లో ఎగ్‌ల్‌టన్ దంపతులు కూడా విడిగా అదే పదార్థం జాడ పట్టుకున్నారు. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డేనిష్ శాస్త్రవేత్త లాక్టిక్ ఆసిడ్ పుట్టకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని చూపించాడు. 1932లో హిల్ తానే ఈ మొత్తం మార్పుని కండర శరీరధర్మశాస్త్రంలో "విప్లవం" అన్నాడు. థామస్ కూన్ పుస్తకం రావడానికి అప్పటికింకా ముప్పై ఏళ్లుంది.

ఇప్పుడు ఈ కథలో ఫిలాసఫీ ప్రశ్న ఎక్కడుంది? మొదటి ప్రయత్నంలో విద్యార్థులు "సుబ్బారావు గొప్పతనం" అని రాస్తారు. మన మనిషి గొప్పవాడే, నాకూ గర్వమే, కానీ అది చరిత్ర, ప్రశ్న కాదు. రెండో ప్రయత్నంలో "కూన్ విప్లవ సిద్ధాంతం, కండరం కథ" అంటారు. కొంచెం నయం, ఇంకా పెద్దదే. మూడోసారి కూర్చోబెట్టి, ఆ రంగు ఆలస్యంగా రావడం దగ్గరే ఆగమంటాను. కొలతలో తేడా వచ్చినప్పుడు శాస్త్రవేత్త ముందు రెండు దారులుంటాయి: ఇది నా పరికరం తప్పు అనుకోవడం, లేదా ఇది ప్రపంచం చెబుతున్న మాట అనుకోవడం. ఆ క్షణంలో రెండో దారి ఎంచుకోవడానికి వాళ్లకున్న ఆధారం ఏమిటి? దాన్ని ఒక్క వాక్యంలో పెడితే: "పొరపాటుగా కనిపించే కొలత ఎప్పుడు, దేనివల్ల సాక్ష్యం అవుతుంది?" ఇదీ పేపర్. దీనికి ఇప్పటికే ఒక చర్చ ఉంది. జేమ్స్ బోగెన్, జేమ్స్ వుడ్‌వర్డ్ అనే తత్వవేత్తలు 1988లో చేతికొచ్చే అంకెలు వేరు, వాటి వెనకున్న దృగ్విషయం, అంటే ప్రపంచంలో నిజంగా జరిగేది, వేరు అని వాదించారు, సిద్ధాంతాలు వివరించేది రెండోదాన్నే అన్నారు. మీ కథ ఆ వాదనకి బలమిస్తుందా, ఇబ్బంది పెడుతుందా? ఇబ్బంది పెడితే ఇంకా మంచిది.

చూడండి, కథ అదే, మనిషీ అతనే. కానీ "గొప్పతనం" నుంచి "ఆలస్యంగా వచ్చిన రంగు" దాకా దిగేసరికి ఎవరూ రాయని పేపర్ ఒకటి కళ్లముందుకొచ్చింది. మీ అంశం మీద కూడా ఇలా కనీసం మూడుసార్లు దిగండి. మూడో మెట్టు దిగలేకపోతే ఆ అంశం గురించి మీకు తెలిసింది చాలలేదని అర్థం, మళ్లీ చదవండి.

మన దగ్గర చరిత్రలో ఇలాంటి గనులు చాలా ఉన్నాయి, ఇంగ్లీషు పేపర్లలో ఎవరూ ముట్టుకోనివి. అవి పట్టుకుంటే మీ వ్యాసానికి ఒక కొత్తదనం దానంతటదే వస్తుంది. అయితే ఒరిజినల్ పేపర్లు తెచ్చుకుని చదవాలి, స్మారక సంచికల్లో రాసిన పొగడ్తల మీద ఆధారపడితే రిఫరీ, అంటే పేపర్‌ని పరిశీలించే నిపుణుడు, మొదటి పేజీలోనే పట్టేస్తాడు.

నాలుగో అడుగు: రాయడం

పది నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి రెండు నెలలు చదువు, ఆ తర్వాత నెల రోజులు ఒక్క పేజీ మాత్రమే రాయండి. ఆ పేజీలో నాలుగే విషయాలు: నా ప్రశ్న ఇది, ఇప్పటిదాకా అందరూ ఇలా అన్నారు, నేనిది అంటున్నాను, ఎందుకంటే ఇందుకు. ఆ పేజీ మీ గైడ్‌కి, ఇంకో సబ్జెక్టు స్నేహితుడికి చూపించండి. స్నేహితుడికి అర్థం కాకపోతే తప్పు అతనిది కాదు.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లీషు గురించి చాలా భయపడతారు, నేనూ పడ్డాను. నిజం చెబుతున్నా, ఈ రంగంలో సొగసైన ఇంగ్లీషు కోసం ఎవరూ చూడరు. హంగరీ, కొరియా, నెదర్లాండ్స్ నుంచి వచ్చి రెండో భాషలో రాసేవాళ్లు ఇక్కడ నిండా ఉన్నారు. చిన్న వాక్యాలు, ఒక మాటని మొదట ఏ అర్థంలో వాడితే చివరిదాకా అదే అర్థం, "దీనివల్ల", "కానీ", "అందుకని" అన్నవి సరైన చోట ఉండటం, అంతే. నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి వాదనంతా ముందు తెలుగులోనే, వాళ్లమ్మకి చెబుతున్నట్టు రాసుకునేది. వాదనలో ఎక్కడ బొక్కుందో సొంత భాషలో వెంటనే కనబడుతుంది, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటల వెనక దాక్కోవడం కుదరదు. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాసేది. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది, అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

మీ వాదనకి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా గట్టిది మీరే రాసి జవాబివ్వండి. మెత్తటి అభ్యంతరం పెట్టుకుని దాన్ని కొట్టేయడం జడ్జీలకి ఇట్టే తెలిసిపోతుంది. పదాల పరిమితి దాటకండి, ఎనిమిది వేలంటే ఎనిమిది వేలే, ఫుట్‌నోట్లు లెక్కలోకి వస్తాయో లేదో ప్రకటనలో చూడండి.

ఐదో అడుగు: పేరు చెరిపేయడం, టైమ్ చూసుకోవడం

ఇలాంటి ప్రైజుల్లో చాలావరకు రాసినవాళ్ల పేరు తెలియకుండానే చదువుతారు. మొదటి పేజీలో పేరు తీసేస్తే సరిపోదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరుంటుంది, అది తీసేయండి. "నేను ఇంతకుముందు చూపినట్టు" అనే వాక్యాలు మార్చండి. కృతజ్ఞతలు ఫలితం వచ్చాక చేర్చుకోవచ్చు, ఇప్పుడొద్దు. ఫైల్ పేరులో కూడా మీ పేరుండకూడదు, ఒక విద్యార్థి లోపల అన్నీ చెరిపి ఫైల్‌కి మాత్రం తన పేరే పెట్టి పంపాడు.

డెడ్‌లైన్ ఏ దేశం టైమో చూడండి. లండన్ సాయంత్రం 5 అంటే మనకి చలికాలంలో రాత్రి 10:30, వేసవిలో 9:30. "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని రాస్తే, అంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా ఉన్నంతసేపు పంపొచ్చంటే, ఆ తేదీ రాత్రి 11:59 అన్నది మనకి మర్నాడు సాయంత్రం 5:29. ఆ మిగులు గంటల్ని నమ్ముకోకండి, రెండు రోజుల ముందే పంపేయండి. పవర్ కట్, సర్వర్ ఆగిపోవడం, అప్‌లోడ్ కాకపోవడం, ఈ టెన్షన్ అంతా ఆఖరి రోజునే వస్తుంది.

ఒకే పేపర్‌ని రెండు చోట్లకి ఒకేసారి పంపొచ్చా? జర్నల్‌లో అచ్చుకి ముడిపడిన ప్రైజ్ అయితే వద్దు. గెలిచిన వ్యాసాన్ని తామే వేస్తామనే షరతు ఉంటే, అది తేలేదాకా ఇంకో జర్నల్‌కి పంపితే ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

డబ్బు కట్టమనే అవార్డుల గురించి

ఇది అడుగు కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. "మీరు బెస్ట్ రీసెర్చర్ అవార్డుకి ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత" అని మీకు మెయిల్ వస్తుంది. మీరు దేనికీ పంపలేదు, ఎవరు ఎంపిక చేశారో తెలియదు, ఫీజు కడితే షీల్డు, శాలువా, సర్టిఫికెట్. మన కాలేజీల్లో ప్రమోషన్ పాయింట్ల కోసం ఇలాంటివి కట్టేవాళ్లున్నారు, కొందరు పాపం నిజమేననుకుని అప్పు చేసి మరీ కట్టారు, అది చూసి నాకు కోపం, బాధ రెండూ వచ్చాయి. పైన చెప్పిన వాటిలో గెలిచినందుకు డబ్బు కట్టమనేది ఒక్కటీ లేదు. పాత విజేతల పేర్లు, వాళ్ల పేపర్లు బయట దొరుకుతాయా? నిర్ణయించే కమిటీ ఏ సంస్థదో తెలుసా? ఈ రెండిటికీ జవాబు లేకపోతే ఆ మెయిల్ తీసేయండి.

ఆరో అడుగు: పంపాక

ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఆ లోపు పేపర్‌ని పక్కన పెట్టి, ఏదైనా సెమినార్‌లో చదివి వినిపించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లున్నాయి, మాట్లాడతామని అడిగితే రమ్మనేవాళ్లే ఎక్కువ. అక్కడ ఎవరో ఒక ఫిజియాలజీ పంతులు లేచి "ఆసిడ్‌లో అది ఎంతసేపట్లో విరుగుతుందో చూశారా?" అని అడగొచ్చు. ఆ ఒక్క ప్రశ్నతో మీ మూడో భాగం మొత్తం తిరగరాయాల్సి రావచ్చు. రాయండి.

ప్రైజ్ రాకపోతే ఆ పేపర్ అలాగే జర్నల్‌కి వెళ్తుంది. కాదన్న మెయిల్‌లో రిఫరీ మాటలు ఏమైనా ఉంటే ప్రింట్ తీసి, ఒక్కో అభ్యంతరం పక్కన మీ జవాబు చేత్తో రాయండి. జవాబు లేనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలు నిండాక పంపండి, అది అచ్చైతే అక్కడా ఏడాది చివర ఒక ప్రైజ్ ఉందేమో చూసుకోండి. దానికి మళ్లీ అప్లై చేయాల్సిన పని కూడా ఉండదు.